పెట్టెలో ఆట, తెరమీద పోరు
'మోర్టల్ కాంబాట్' సినిమా: ఒక పరిశీలన

– ద్వితీయ బి.ఎస్సీ. విద్యార్థి

కళాశాల వార్షిక సంచికలో సైన్సు విద్యార్థి వ్యాసం అంటే గ్రహాల గురించో, పరమాణుశక్తి గురించో, ఎరువుల గురించో ఉంటుందని పాఠకులు అనుకోవడం సహజం. ఈ వ్యాసం మాత్రం ఒక తన్నులాట సినిమా గురించి. పోనీ అది గొప్ప సినిమానా అంటే, కాదు. వీడియో గేములోంచి పుట్టిన సినిమా. హాస్టల్లో ఎవరి గదిలోనైనా దాన్ని పెడితే "అబ్బ, అదేం సినిమారా!" అంటూనే చివరిదాకా కదలకుండా కూచుంటారు. తిడుతూ ఎందుకు చూస్తాం? చూస్తూ ఎందుకు తిడతాం? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంత చిన్న విషయానికి అంత పరిశీలన అవసరమా అని పెద్దలు అడగవచ్చు. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద పెట్టడానికి తామరపువ్వే కావాలని లేదు, ఉల్లిపొర చాలు. మంచి సినిమా ఎందుకు మంచిదో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఓ మోస్తరు సినిమా మనల్ని ఎందుకు పట్టి కూచోబెడుతుందో మనమే కనుక్కోవాలి.

ఆట పుట్టుక

ఈ సినిమాకు మూలం 1992లో అమెరికాలో చికాగోకు చెందిన మిడ్‌వే కంపెనీ విడుదల చేసిన ఆట. నాణెం వేసి, నిలబడి ఆడే పెద్ద పెట్టె. పేరులో ఇంగ్లీషు 'సి' ఉండాల్సిన చోట కావాలనే 'కె' పెట్టారు. దాన్ని తయారు చేసింది ప్రధానంగా నలుగురే. ప్రోగ్రాము రాసింది ఎడ్ బూన్, మనుషుల బొమ్మలు చూసుకున్నది జాన్ టోబయాస్. వెనకాల కనిపించే దృశ్యాలు జాన్ వోగెల్, శబ్దాలు డాన్ ఫోర్డెన్ సమకూర్చారు.

అంతకు ముందు ఏడాది, 1991లో, జపానుకు చెందిన క్యాప్‌కామ్ కంపెనీ 'స్ట్రీట్ ఫైటర్ 2' తెచ్చి ప్రపంచాన్ని ఊపేసింది. అందులో బొమ్మలు చేత్తో గీసినవి. చికాగో వాళ్ళు ఇంకో దారి పట్టారు. యుద్ధవిద్య వచ్చిన మనుషుల్ని వీడియో కెమెరా ముందు నిలబెట్టి తన్నించారు, గుద్దించారు, కింద పడేయించారు. ఆ చిత్రాల్లోంచి కావలసినవి ఏరి, చుట్టూ ఉన్నదంతా కత్తిరించి, కంప్యూటరులోకి ఎక్కించారు. అందుకే ఆ ఆటలో మనుషులు బొమ్మల్లా కాక ఫొటోల్లా ఉంటారు.

ఇక్కడొక చిన్న సాంకేతిక పాఠం ఉంది. ఆ రోజుల్లో మెమరీ ఖరీదైన వస్తువు. ఒక్కొక్క యోధుడికీ వందలకొద్దీ చిత్రాలు కావాలి. దానికి వాళ్ళు చేసిన ఉపాయం చూడండి. కంప్యూటరు బొమ్మలో ప్రతి చుక్క దగ్గరా రంగు ఉండదు, ఒక అంకె ఉంటుంది. ఆ అంకెకు ఏ రంగు అన్నది పక్కన ఉన్న రంగుల పట్టిక చెబుతుంది. బొమ్మను ముట్టుకోకుండా పట్టిక మారిస్తే చాలు, పసుపు బట్టలు నీలం బట్టలవుతాయి. ముసుగు వేసుకున్న డేనియల్ పెసీనా అనే ఒకే మనిషి చిత్రాలతో పసుపు స్కార్పియన్, నీలం సబ్-జీరో, ఆకుపచ్చ రెప్టైల్ అనే ముగ్గురు యోధులు తయారయ్యారు. లేమిలోంచి వచ్చిన ఈ ఉపాయమే తరవాత ఆ ఆటకు గుర్తుగా మారింది. సినిమాలో కూడా ఆ ముగ్గురూ ఒకే కుట్టు బట్టలతో కనిపించడానికి కారణం ఇదే.

కథ లేని ఆటకు కథ కట్టడం

ఆటను సినిమా చెయ్యడం పైకి కనిపించేంత తేలిక కాదు. పోరాటపు ఆటలో ఉండేది ఏమిటి? ఎదురెదురుగా ఇద్దరు, పైన ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత, మూడింట రెండు గెలిస్తే విజయం. ఇందులో కథ లేదు. పైగా ఆటలో మీటలు మన చేతిలో ఉంటాయి. సినిమాకు వచ్చేసరికి ఆ చేతులు ఖాళీ అవుతాయి. ఓడితే మన బొటనవేలు నొచ్చదు, గెలిస్తే మన గొప్పా కాదు. ఆటలో ఉన్న అసలు రుచి పోయాక ఇంకేం మిగిలింది?

ఈ ప్రశ్నకు జవాబు దొరక్క అంతకు ముందు కొందరు దెబ్బతిన్నారు. 1993లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆటను దాదాపు పక్కన పెట్టి వేరే ప్రపంచం కట్టబోయి, పెట్టిన డబ్బు కూడా రాబట్టలేకపోయింది. 1994లో వచ్చిన 'డబుల్ డ్రాగన్' ఎవరికీ పట్టలేదు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్' డబ్బు చేసుకుంది గాని, ఎదురెదురు పోటీగా ఉన్న ఆటను సైనిక దాడి కథగా మార్చేసి విమర్శకుల చేత చీవాట్లు తిన్నది.

1995 ఆగస్టులో 'మోర్టల్ కాంబాట్' వచ్చింది. దర్శకుడు పాల్ ఆండర్సన్ ఇంగ్లండు వాడు. అప్పటికి 'షాపింగ్' అనే ఒక్క చిన్న సినిమా మాత్రమే తీసిన కుర్రవాడు. అతను కథకోసం దూరం పోలేదు. బ్రూస్‌లీ నటించిన 'ఎంటర్ ది డ్రాగన్' 1973లోనే ఆ దారి వేసి పెట్టింది. ఒక దీవి, ఆ దీవిలో పోటీ, వేరువేరు కారణాలతో అక్కడికి చేరిన ముగ్గురు. మన ఊళ్ళలో కరాటే నేర్పే చోట ఇప్పటికీ గోడమీద బ్రూస్‌లీ బొమ్మ ఉంటుంది గనక ఈ కథ మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

సినిమాలో మన భూలోకానికీ, అవుట్‌వరల్డ్ అనే మరో లోకానికీ తరతరాలుగా పోటీ జరుగుతూ ఉంటుంది. వాళ్ళు వరసగా పది పోటీలు గెలిస్తే భూలోకం మీదికి రావచ్చు. తొమ్మిది గెలిచారు. ఇక మిగిలింది ఒక్కటే. తమ్ముడి చావుకు పగ తీర్చుకోవాలని లియు కాంగ్, నేరస్థుణ్ణి వెంటాడుతూ సోన్యా బ్లేడ్ అనే అధికారిణి, తన పేరు నిలబెట్టుకోవాలని జానీ కేజ్ అనే సినిమా నటుడు ఓడ ఎక్కుతారు. ఉరుముల దేవుడు రైడెన్ వాళ్ళకు గురువు. ఎదుటిపక్షాన షాంగ్ సుంగ్ అనే మాంత్రికుడు. అంతే కథ. విఠలాచార్య గారి జానపద చిత్రాలు చూసిన తాతలకు ఇందులో ఒక్క ముక్క కూడా విడమరచి చెప్పాల్సిన పని లేదు.

సుమారు 2 కోట్ల డాలర్లతో తీసిన ఈ సినిమా ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా రాబట్టింది. అమెరికాలో మూడు వారాలు వసూళ్ళలో మొదటి స్థానంలో నిలిచింది. కారణం ఏమిటి? నాకు తోచిన కారణాలు రెండు. వాటినే కింద వివరిస్తాను.

ఒక బకెట్టు నీళ్ళు

మొదటి కారణం: ఈ సినిమా తను పెట్టుకున్న నియమాలను తను పాటిస్తుంది.

సబ్-జీరో అనే యోధుడు ఎదుటివాణ్ణి మంచుగడ్డగా మార్చగలడు. అతనితో పోరాడబోయే ముందు లియు కాంగ్‌కు యువరాణి కిటానా ఒక రహస్యం చెబుతుంది, ప్రాణాన్ని నిలిపేదాన్ని వాడమని. పోరు మధ్యలో సబ్-జీరో తన చుట్టూ చలిని పెంచుకుంటూ పోతుంటే లియు కాంగ్ పక్కనే ఉన్న బకెట్టు నీళ్ళు తీసి విసురుతాడు. ఆ నీళ్ళు గాలిలోనే గడ్డకట్టి బల్లెంలా మారి సబ్-జీరోకు గుచ్చుకుంటాయి.

హాస్టల్లో అందరూ నవ్వేది ఇక్కడే. నవ్వితే నవ్వుదాం గాని, ముందు లెక్క కడదాం. బకెట్టులో 10 లీటర్ల నీళ్ళు ఉన్నాయనీ, వాటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెంటీగ్రేడు అనీ అనుకుందాం. 10,000 గ్రాముల నీటిని సున్నా డిగ్రీలకు దించాలంటే 3,00,000 కేలరీలు తీసెయ్యాలి. సున్నా డిగ్రీల నీరు అదే ఉష్ణోగ్రతలో మంచు కావాలంటే గ్రాముకు 80 కేలరీల గుప్తోష్ణం చొప్పున మరో 8,00,000. మొత్తం 11,00,000 కేలరీలు. జౌళ్ళలో చెప్పాలంటే సుమారు 46 లక్షలు.

ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే పొలానికి వెళ్ళాలి. మా బోరు మీద ఉన్నలాంటి 5 హార్స్‌పవర్ మోటారు ఆగకుండా 20 నిమిషాల పైన నడిస్తే అంత శక్తి అవుతుంది. తెరమీద ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. పోనీ ఒక సెకను పట్టిందనుకున్నా, ఆ సెకనులో అలాంటి మోటార్లు 1,200కు పైగా ఒక్కసారిగా నడవాలి. మా ఊరి ట్రాన్స్‌ఫార్మరు పది మోటార్లకే మొరాయిస్తుంది!

ఇంకో చిక్కు. నీళ్ళలోంచి తీసిన వేడి మాయం కాకూడదు, ఎక్కడో ఒకచోట చేరాలి. ఉష్ణగతికశాస్త్రం మొదటి సూత్రం అది. ఆ వేడి మొత్తం సబ్-జీరో ఒంట్లోకే చేరిందనుకుంటే, 80 కిలోల మనిషికి ఒంటి వేడి 16 డిగ్రీలకు పైగా పెరగాలి. అంటే ఆ మంచు మనిషి పోవాల్సింది మంచు బల్లెం తగిలి కాదు, జ్వరం వచ్చి!

ఇంత తప్పు ఉన్నా ఆ దృశ్యం మనకు మోసంగా అనిపించదు. ఎందుకని? ఇతను దేన్నయినా గడ్డకట్టిస్తాడని ముందే చూపించారు. సాధనం ఏమిటో ముందే సూచించారు. ఆ తరవాత నియమం ప్రకారమే అతను ఓడాడు, అదీ తన బలంతోనే ఓడాడు. రేఖాగణితంలో స్వీకృతాలను ఎవరూ నిరూపించమని అడగరు. స్వీకరించాక మధ్యలో మార్చకూడదు, అంతే. కథకూ అదే నీతి. కొన్ని ఖరీదైన సినిమాలు మనకు నచ్చకపోవడానికి కారణం సైన్సు తప్పడం కాదు, మొదటి రీలులో ఇచ్చిన మాట ఆఖరి రీలులో తప్పడం.

నిజమా, నటనా?

రెండవ కారణం దీనికంటే ముఖ్యమైనది. అది శ్రమ.

జానీ కేజ్ పాత్ర సంగతి చూడండి. అతను సినిమాల్లో పోరాటవీరుడు. కాని పత్రికలు అతన్ని నకిలీ అంటాయి, అతని దెబ్బలు ఉత్తుత్తివి అంటాయి. అది అబద్ధమని రుజువు చెయ్యడానికే అతను ఈ పోటీకి వస్తాడు. విచిత్రం ఏమిటంటే, సినిమా మొత్తం ఎదుర్కొన్న పరీక్ష కూడా అదే. ఆటలో బొమ్మలు కొట్టుకుంటాయి. సినిమాలో మనుషులు కొట్టుకుంటున్నారని చూసేవాడికి నమ్మకం కలగాలి.

లియు కాంగ్ వేషం వేసిన రాబిన్ షౌ హాంగ్‌కాంగ్‌లో పుట్టి అమెరికాలో పెరిగి, సివిల్ ఇంజనీరింగు చదివి, తిరిగి హాంగ్‌కాంగ్ వెళ్ళి పోరాట చిత్రాల్లో రాటుదేలినవాడు. పోరాటాలు కూర్చిన పాట్ జాన్సన్ 1984 నాటి 'కరాటే కిడ్' చిత్రానికీ అదే పని చేసినవాడు. స్కార్పియన్, సబ్-జీరో, రెప్టైల్ వేషాలు వేసినవాళ్ళు యుద్ధవిద్య ఎరిగినవాళ్ళు. సినిమా ఒకసారి పూర్తయ్యాక కొందరికి చూపిస్తే పోరాటాలు చాలలేదన్నారట. అప్పుడు మళ్ళీ కెమెరా ఎత్తి జానీ కేజ్, స్కార్పియన్‌ల పోరును పెంచారు, రెప్టైల్‌తో లియు కాంగ్ పోరును కొత్తగా చేర్చారు. వాటిని కూర్చడంలో రాబిన్ షౌ చెయ్యి ఉంది. రెప్టైల్‌తో పోరులో అతని పక్కటెముకలకు దెబ్బ తగిలింది కూడా. ఈనాటికీ ఆ సినిమాలో అందరూ చెప్పుకునేవి ఈ రెండు పోరాటాలే.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా నాన్న నా పక్కన కూచుని ఈ సినిమా కొంత చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, వీడియో గేము అంటే తెలియదు. రెప్టైల్ మొదట కంప్యూటరు బల్లిలా గోడమీద పాకుతూ వస్తుంది. అది చూసి "ఇది వట్టిదిరా" అన్నాడు. కాసేపటికి అది మనిషి రూపంలోకి మారి లియు కాంగ్ మీదికి దూకి పోరు మొదలైంది. ముందుకు వంగి చూస్తూ, "వీళ్ళు మాత్రం పని తెలిసినోళ్ళే, కాలు ఆనిచ్చే తీరు చూడు" అన్నాడు. సినిమా పండితులు పేజీలకు పేజీలు రాసే విషయం ఆయన రెండు మాటల్లో తేల్చేశాడు. మూటలు మోసిన వాడికి ఎదుటివాడి నడుములో బరువు ఉందో లేదో తెలుస్తుంది. పార పట్టినవాడికి నేలమీద కాలు ఎలా పడిందో తెలుస్తుంది.

నాలుగు చేతుల గోరో సంగతీ చెప్పుకోవాలి. ఆటలో అతను మట్టితో చేసిన చిన్న బొమ్మ. దాన్ని కొంచెం కొంచెం కదుపుతూ ఫొటోలు తీశారు. సినిమాలో పెద్ద రబ్బరు ఒళ్ళు, లోపల ఒక మనిషి, బయటినుంచి ముఖమూ చేతులూ కదిలించే మరికొందరు. ఖర్చు బాగానే అయింది. గోరో అంత చురుగ్గా కదలలేడు, చూస్తే తెలిసిపోతుంది. అయినా అతను కెమెరా ముందు నిజంగా నిలబడి ఉన్నాడు, వెలుగు అతని మీద పడింది, నీడ నేలమీద పడింది. అందుకే అప్పటి కంప్యూటరు బల్లి పాతబడిపోయినంతగా గోరో పాతబడలేదు.

సరిచూసే ప్రయోగం

ఒక్క ప్రయోగంతో నిర్ణయానికి రాకూడదని మనకు గురువులు చెబుతారు. అదృష్టవశాత్తూ ఇక్కడ రెండవ ప్రయోగం కూడా ఉంది. 1997లో 'మోర్టల్ కాంబాట్: ఎనైహిలేషన్' అనే రెండవ భాగం వచ్చింది. ఆట అదే, కథానాయకుడు రాబిన్ షౌ, యువరాణిగా టాలీసా సోటో కూడా వాళ్ళే. మొదటి సినిమాకు ఛాయాగ్రహణం చేసిన జాన్ లియోనెట్టి ఈసారి దర్శకుడు. ఖర్చు పెరిగి 3 కోట్ల డాలర్లయింది. మారింది ఏమిటి? రైడెన్, సోన్యా, జానీ కేజ్ వేషాలకు వేరే నటులు వచ్చారు. పాత్రలు సంతలో జనంలా పెరిగాయి. ఒక్కొక్కరూ వచ్చి పేరు చెప్పి, నాలుగు దెబ్బలు కొట్టి పోతారు. పోటీ నియమం తెగిపోయింది. చివర్లో ఇద్దరూ కంప్యూటరు మృగాలుగా మారి పోట్లాడతారు. వసూళ్ళు 5 కోట్ల చిల్లరకు పడిపోయాయి, విమర్శకులు దుమ్మెత్తిపోశారు.

అంటే ఏమని తేలింది? డబ్బు పెరిగింది, యంత్రం పెరిగింది, నియమమూ శ్రమా తగ్గాయి. ఫలితం మన కళ్ళముందే ఉంది.

ఒప్పుకోవలసిన లోపాలు

అభిమానం కొద్దీ లోపాలు దాచకూడదు. మొదటి సినిమాలో సంభాషణలు చాలాచోట్ల తేలిపోతాయి. సోన్యా తన శత్రువు కానోను తన కాళ్ళ బలంతోనే ఓడించిన వీరవనిత. తీరా ఆఖర్లో ఆమెను మాంత్రికుడు ఎత్తుకుపోతాడు, మగవాళ్ళు వచ్చి విడిపించాలి! మన సినిమాల్లో చూసి చూసి విసిగిపోయిన తంతు ఇక్కడా తప్పలేదు. జపాను వాళ్ళ ఉరుముల దేవుడి పేరు పెట్టుకున్న రైడెన్‌గా క్రిస్టోఫర్ లాంబర్ట్ నటించాడు. థాయ్‌లాండులో తీసిన దేవాలయాలూ సముద్రతీరాలూ అందంగా ఉన్నాయి గాని, ఆసియా అంటే పొగమంచు, విగ్రహాలు, మంత్రాలు అన్నట్టుగానే చూపించారు. అయితే ఆ రోజుల హాలీవుడ్డులో హాంగ్‌కాంగ్‌లో పుట్టిన నటుణ్ణి కథానాయకుడిగా నిలబెట్టడం చిన్న విషయం కాదని కూడా చెప్పాలి.

ఇక హింస. మూలమైన ఆటలో ఓడినవాడి గుండె పెరికే, తల వెన్నుపూసతో సహా ఊడబెరికే ముగింపులు ఉన్నాయి. 1993 డిసెంబరులో అమెరికా సెనేటులో దీనిమీద విచారణ జరిగింది. జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ అనే సెనేటర్లు ముందుండి ఆటల కంపెనీలను నిలదీశారు. ఫలితంగా 1994లో ఏ ఆట ఏ వయసుకు తగినదో అట్టమీద ముద్రించే పద్ధతి వచ్చింది. సినిమా ఆ రక్తాన్ని చాలావరకు వదిలేసింది. కొందరు అభిమానులు దీన్ని పిరికితనం అన్నారు. నా అభిప్రాయం వేరు. ఆటలో ఆ ముగింపు ఒక గుప్తసంకేతం. ఏ మీట ఎప్పుడు నొక్కాలో తెలిసినవాడు తోటివాళ్ళ ముందు చూపించే గొప్ప. సినిమాలో నొక్కడానికి మీట లేదు గనక మిగిలేది రక్తం ఒక్కటే. 2021లో వచ్చిన కొత్త 'మోర్టల్ కాంబాట్' ఆ రక్తాన్నంతా తిరిగి తెచ్చింది, పోటీని మాత్రం వదిలేసింది. అందులో రక్తం చూసి జడుసుకున్నానే గాని, పోరు చూసి ముందుకు వంగలేదు.

ముగింపు

మొదటి ప్రశ్నలకు వద్దాం. ఈ సినిమాను ఎందుకు తిడతాం? చెప్పిన మాటల్లో లోతు లేదు గనక, మాయలు కొన్ని వెలిసిపోయాయి గనక. ఎందుకు చూస్తాం? తను పెట్టిన నియమాన్ని తను పాటించింది గనక, మనుషులు నిజంగా చెమటోడ్చారు గనక.

రైతు బిడ్డలం చాలామందిమి ఈ కళాశాలలో చదువుతున్నాం. ఇక్కడికి వచ్చాక ఏది గొప్ప, ఏది నేలబారు అన్న తూకం ఒకటి మనకు తెలియకుండానే అలవాటవుతుంది. ఇంట్లోవాళ్ళు ఇష్టపడే పాటను, సినిమాను నలుగురిలో చులకనగా మాట్లాడటం చదువుకున్నతనం అనిపించుకుంటోంది. మిత్రులారా, ఆ తూకం తొందరపడి తీసుకోవద్దు. ఒక వస్తువును కాదనేముందు అందులో ఎవరి శ్రమ ఉందో, ఆ శ్రమ నిజమైనదో కాదో చూడండి. లెక్క కట్టగలిగినచోట లెక్క కట్టండి. లెక్కకు అందనిచోట, కాలు ఎలా ఆనిందో చూడగల పెద్దలు ఇంట్లో ఉంటే వాళ్ళను పక్కన కూచోబెట్టుకుని అడగండి. ఆ తరవాత కూడా సినిమా చెత్తే అనిపిస్తే నిస్సంకోచంగా చెత్త అనండి. అప్పుడు ఆ మాటకు విలువ ఉంటుంది.